ఉరికంబం పాటే ఒకటో నంబరు

మొన్న మా పాత హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఒకడు ఐరన్ మెయిడెన్ టాప్ టెన్ అంటూ ఒక లిస్టు పడేశాడు. అందులో 'హాలోడ్ బి దై నేమ్' ఏడో నంబరు. ఏడు! ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి అవుతుంది గానీ, పొద్దున పళ్ళు తోముకుంటూ కూడా వాడికి ఏం సమాధానం చెప్పాలా అనే ఆలోచిస్తున్నాను. గ్రూపులో రాస్తే పది గుడ్ మార్నింగుల కింద కొట్టుకుపోతుంది, అందుకే నా టాప్ టెన్ ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా, పదో నంబరు నుంచి ఒకటి దాకా.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. స్టీవ్ హారిస్ అనే బేస్ గిటార్ వాయించే కుర్రాడు 1975 క్రిస్మస్ రోజున తూర్పు లండన్‌లో మొదలుపెట్టిన హెవీ మెటల్ బ్యాండ్ ఇది. 1981లో బ్రూస్ డికిన్సన్ వచ్చి గొంతు కలిపాడు, మరుసటి ఏడాది 'ది నంబర్ ఆఫ్ ద బీస్ట్' ఆల్బమ్ బ్రిటన్‌లో ఒకటో స్థానానికి ఎక్కింది, ఆ తర్వాత వెనక్కి చూసుకోలేదు. 2021 దాకా లెక్కేస్తే 17 స్టూడియో ఆల్బమ్‌లు. వీళ్ళ టీషర్టుల మీద కనిపించే ఆ పీనుగు మొహం బొమ్మ పేరు ఎడ్డీ. మన దగ్గర ఆ టీషర్టు వేసుకున్నవాళ్ళలో సగం మంది ఒక్క పాట కూడా విని ఉండరు, సరే, అది వేరే గొడవ.

నాకు వీళ్ళు దొరికింది 2005లో, విజయవాడ హాస్టల్లో, 30 రూపాయల ఎంపీత్రీ సీడీలో. సీడీ నిండా పాటలే గానీ ఒక్కదానికీ పేరు లేదు. ట్రాక్ 01, ట్రాక్ 02, ఇలా. ఏడాది పాటు నా ఫేవరెట్ పాట పేరు 'ట్రాక్ 47'. ఏ పాట ఏ ఆల్బమ్‌లోదో, ఎప్పటిదో తెలియకుండా వినడంలో ఒక లాభం ఉంది, ఎవడో గొప్పదన్నాడని గొప్పదనుకునే అవకాశం లేదు. అప్పుడు వేసుకున్న వరసే ఇప్పటికీ పెద్దగా మారలేదు.

నా కొలత ఒక్కటే. మెయిడెన్ పాటల్లో చచ్చేవాడు తన కథ తనే చెప్పుకోవాలి. పైనుంచి చూసి ఎవరో చెప్పే యుద్ధం కథ కాదు, బురదలో పడ్డవాడు చెప్పే కథ. హారిస్ అలాంటివి రాసినప్పుడు వాళ్ళని మించినవాళ్ళు లేరు, ఊరికే దెయ్యాలూ భూతాలూ అని అరిచినప్పుడు వందమందిలో ఒకరు. 'ది నంబర్ ఆఫ్ ద బీస్ట్' పాట నా పదిలో లేకపోవడానికి కారణం ఇదే. ఆ పాట మొదటి నాలుగు లైన్లు డికిన్సన్ చేత ప్రొడ్యూసర్ మార్టిన్ బర్చ్ గంటల తరబడి మళ్ళీ మళ్ళీ పాడించాడని, ఆ కసంతా చివరికి ఆ పొడుగాటి కేకలో బయటపడిందని చెబుతారు. కేక అద్భుతం. పాట మామూలు. 'రన్ టు ద హిల్స్' కూడా తీసేశాను, తిట్టుకోండి. బ్రిటన్‌లో వీళ్ళకి దక్కిన ఒకే ఒక్క నంబర్ వన్ సింగిల్ 1991 జనవరిలో 'బ్రింగ్ యువర్ డాటర్ టు ద స్లాటర్', అది వింటే ఆ ఒక్కటీ దక్కకపోయినా బాగుండేదనిపిస్తుంది.

పదో చోట 'ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా', 1980 మొదటి ఆల్బమ్‌లోది, అప్పటికి డికిన్సన్ రాలేదు, పాల్ డియానో పాడాడు. ఏడు నిమిషాల పాటలో మూడు పాటలకి సరిపడా ట్యూన్లు కుక్కారు. కుర్రతనం.

తొమ్మిది 'ఫియర్ ఆఫ్ ద డార్క్', కానీ 1992 ఆల్బమ్‌లో ఉన్నది కాదు, జనం మధ్య పాడింది. స్టూడియోలో అది ఒక మోస్తరు పాటే. స్టేజి మీద మాత్రం గిటార్ వాయించే ట్యూన్‌ని జనం గొంతుతో పాడతారు, మాటల్లేవు, ఓ ఓ ఓ అంతే, వేలమంది. 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెయిడెన్ వచ్చినప్పుడు నా ల్యాబ్ ఎగ్జామ్ అడ్డం పడింది, మా రూమ్మేట్ ఒక్కడే వెళ్ళాడు. రాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఉంటే ఫోన్ మోగింది. ఎత్తితే హలో లేదు, ఏమీ లేదు, నోకియా చిన్న స్పీకర్‌లోంచి తుఫానప్పుడు కిటికీ సందులోంచి వచ్చే గాలిలా ఒక హోరు. కాసేపటికి ఆ హోరులోనే ట్యూన్ పట్టుకున్నాను. వాడు ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. నేనూ మెట్ల మీద కూర్చుని సన్నగా పాడాను, వార్డెన్ గది పక్కనే కాబట్టి. సగంలో టక్కుమని కట్ అయింది, రోమింగ్‌లో వాడి బ్యాలెన్స్ అయిపోయింది. ఆ ఫోన్ రాకపోయి ఉంటే ఈ పాట లిస్టులో ఉండేది కాదేమో. ఉండనీ.

ఎనిమిదిలో '2 మినిట్స్ టు మిడ్‌నైట్'. అణుయుద్ధానికి ప్రపంచం ఎంత దగ్గరగా ఉందో శాస్త్రవేత్తలు ఒక గడియారం ముల్లుతో చూపిస్తారు కదా, ఆ గడియారం పాట. హైడ్రోజన్ బాంబులు పేలాక 1953లో ముల్లు అర్ధరాత్రికి రెండు నిమిషాల దూరానికి వచ్చింది, పాట వచ్చిన 1984లో మూడు నిమిషాల దగ్గరుంది. మొదట్లో గిటార్ తిప్పి తిప్పి వాయించే ఆ ముక్క, రిఫ్ అంటారు, అది వినండి, అంతకంటే చెప్పేదేం లేదు.

ఏడు అదే ఆల్బమ్ టైటిల్ పాట 'పవర్‌స్లేవ్'. ఈజిప్టు రాజు ఫారో చావుబతుకుల్లో ఉన్నాడు. వాడి బాధల్లా ఒకటే, నేను దేవుణ్ణన్నారు కదరా, మరి నేనెందుకు చావాలి? ఇంత చక్కటి ఫిర్యాదు ఏ పాటలోనూ వినలేదు. డికిన్సన్ రాశాడు. మధ్యలో వేగం తగ్గి గిటార్ సోలో వస్తుంది చూడండి, అక్కడ ఫారో సంగతి కూడా మర్చిపోతాం.

ఆరు 'వేస్టెడ్ ఇయర్స్', నా రూలుకి మినహాయింపు, ఇందులో ఎవరూ చావరు. 1984 ఆగస్టు నుంచి 1985 జూలై దాకా టూరులో ఊళ్ళు తిరిగి తిరిగి, ఇల్లెక్కడో తామెవరో మర్చిపోయిన స్థితిలో బ్యాండ్ గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ రాసుకున్న పాట. ఆ ఫోన్ చేసిన రూమ్మేటే ఇప్పుడు డాలస్‌లో ఉంటాడు, వాడి లిస్టులో ఇదే ఒకటో నంబరు. ఒరేయ్, ఇది హోమ్‌సిక్‌నెస్ పాట, అంతేగా అంటే, "నువ్వు ఇక్కడికొచ్చి పన్నెండేళ్ళు ఉండి అప్పుడు మాట్లాడు మామా" అన్నాడు. వాడి కోసం ఎనిమిదిలోంచి ఆరుకి తెచ్చాను. అంతకంటే జరపను.

ఐదోది 'పాషెన్‌డేల్', 2003. బెల్జియంలో 1917 నాటి యుద్ధం, వానకి నేలంతా ఊబిగా మారి మనుషులూ గుర్రాలూ బురదలోనే మునిగిపోయిన చోటు. మొదట్లో సింబల్ మీద చిన్న టిక్ టిక్, సన్నటి గిటార్ తప్ప ఏమీ ఉండదు, ఆ తర్వాత ఒక్కసారిగా మీద పడుతుంది. హెడ్‌ఫోన్స్‌లో మొదటిసారి విన్నప్పుడు ఉలిక్కిపడి చేతిలో టీ ఒలకబోసుకున్నాను.

ఇక నాలుగు, 'ఎంపైర్ ఆఫ్ ద క్లౌడ్స్'. 18 నిమిషాలు, వీళ్ళ పాటల్లోకెల్లా పొడుగు, 2015 'ది బుక్ ఆఫ్ సోల్స్' ఆల్బమ్‌లో ఆఖరిది. డికిన్సన్ పియానో మీద కట్టాడు, మెటల్ బ్యాండ్‌లో పియానో ఏంటని మొదట మొహం చిట్లించాను. ఆర్ 101 అనే బ్రిటిష్ ఎయిర్‌షిప్, అంటే గ్యాస్ నింపిన పెద్ద బుడగలా ఎగిరే ఓడ, దాని కథ ఇది. 1930 అక్టోబర్ 4 సాయంత్రం ఇంగ్లండ్‌లోని కార్డింగ్‌టన్ నుంచి బయల్దేరింది. ఎక్కడికనుకున్నారు? కరాచీకి, అంటే అప్పటి మన దేశానికే. సామ్రాజ్యాన్ని ఆకాశంలో తాడేసి కట్టాలని వాళ్ళ ఆలోచన. అర్ధరాత్రి దాటాక ఫ్రాన్స్‌లో బోవే దగ్గర గాలివానలో నేలకి ఒరిగింది, లోపలంతా హైడ్రోజన్, 54 మందిలో 48 మంది పోయారు. విమానయాన మంత్రి లార్డ్ థామ్సన్ కూడా అందులోనే ఉన్నాడు. ఈ సంగతులు నాకు పాట తర్వాతే తెలిశాయి, అంతకుముందు మేఘాల మీద ఏదో కవిత్వం అనుకున్నాను. పాట నడిమధ్యలో మాటలు ఆగిపోయి, ఇంజన్ ఊగిపోతున్నట్టు వాయిద్యాలన్నీ తూలుతూ వెళ్తాయి. డికిన్సన్ స్వయంగా పైలట్, బ్యాండ్‌ని బోయింగ్ 757లో తనే నడుపుకుంటూ తీసుకెళ్ళినవాడు, ఆ టూరు 2008లో మొదలైంది కూడా ముంబైలోనే. విమానం ఎలా ఊగుతుందో తెలిసినవాడు రాసిన పాట.

మూడోది 'రైమ్ ఆఫ్ ది ఏన్షెంట్ మ్యారినర్', పక్షిని చంపి ఓడకి శాపం తెచ్చిన నావికుడి మీద ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్ రాసిన పద్యానికి హారిస్ కట్టిన 13 నిమిషాల పైచిలుకు కథ. ఇది వింటే నాకు బుర్రకథే గుర్తొస్తుంది. కథ పరిగెత్తాల్సిన చోట పరిగెత్తుతుంది, ఆగాల్సిన చోట ఆగి ఒకడు మాటల్లో చెప్తాడు, పక్కన వంత. మధ్యలో ఓడ కదలకుండా నిలబడిపోయిన చోట బేస్ ఒక్కటే నెమ్మదిగా మూలుగుతూ, చెక్కలు కిర్రుమంటూ ఉంటాయి. ఓడలో రెండొందల మందీ ఒక్కొక్కరే కూలిపోతారు, పక్షిని చంపినవాడు మాత్రం చావడు. బతికి, ఈ కథ అందరికీ చెప్పుకుంటూ తిరగడమే వాడికి శిక్ష. నా రూలుని తలకిందులు చేసినట్టు ఉంటుంది, అందుకే మూడో చోటిచ్చాను.

రెండు 'ద ట్రూపర్', 1983, నాలుగు నిమిషాలు. 1854లో క్రిమియా యుద్ధంలో, బాలక్లావాలో, పైవాళ్ళ తలతిక్క ఆర్డర్ వల్ల ఆరొందల మందికి పైగా గుర్రపు సైనికులు తిన్నగా రష్యన్ ఫిరంగుల్లోకి దూసుకెళ్ళారు. ఇంగ్లీషు కవి టెన్నిసన్ దాని మీద పద్యం రాశాడు, కానీ అందులో ఆరొందల మంది కనిపిస్తారు, ఒక్కడి మొహమూ కనిపించదు. హారిస్ ఆ ఆరొందల్లో ఒకణ్ణి బయటికి లాగి, నువ్వు చెప్పరా అన్నాడు. వాడికి శౌర్యం గురించి ఉపన్యాసాలేం లేవు, గుర్రం భయంతో చెమటలు పోస్తోంది, ఎదురుగా గన్ను పట్టుకున్నవాడు కనిపిస్తున్నాడు, అంతే. పాట అయ్యేసరికి వాడు ఉండడు. స్టేజి మీద డికిన్సన్ ఎర్రకోటు తొడుక్కుని యూనియన్ జాక్ ఊపుతుంటే మనం ఎందుకు ఈలలేయాలి అని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. మాటలు సరిగ్గా విన్నాక అర్థమైంది, ఆ జెండా కింద జరిగింది గెలుపు కాదని.

ఈ పాటలోనే మెయిడెన్ దౌడు అంటే ఏంటో తెలుస్తుంది. ఒక దీర్ఘం, రెండు హ్రస్వాలు, తాం తక తాం తక తాం తక, గుర్రం డెక్కల చప్పుడు. హారిస్ దీన్ని పిక్ (తీగ మీటే చిన్న బిళ్ళ) లేకుండా రెండే వేళ్ళతో, చూపుడువేలూ మధ్యవేలూ, ఆపకుండా వాయిస్తాడు. మీరు బల్ల మీద వేసి చూడండి. నాకు రెండో నిమిషానికి మణికట్టు పట్టేస్తుంది. వాయించేటప్పుడు తీగ వెళ్ళి గిటార్ మెడ మీది లోహపు మెట్లకి, అదే ఫ్రెట్లకి, తగిలి టకటకమంటుంది, అందుకే హాస్టల్లో మా డొక్కు స్పీకర్లలో కూడా బేస్ వినబడేది. దాని మీద ఇద్దరు గిటారిస్టులు జంటగా వస్తారు. మన సన్నాయి మేళంలో ఇద్దరూ ఒకే స్వరం ఊదుతారు కదా, వీళ్ళలో ఒకడు రెండు మెట్లు పైన నడుస్తాడు, ట్యూన్ ఒకటే.

మిగిలింది ట్రాక్ 47.

'హాలోడ్ బి దై నేమ్', 1982, ఏడు నిమిషాలు, హారిస్ రాసింది. కొన్ని లైన్లు 70ల నాటి ఇంకో బ్యాండ్ పాటలోవని గొడవై 2018లో డబ్బు కట్టి రాజీ చేసుకున్నారు, అది కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నా. ముందు గంట మోగుతుంది. జైలు గదిలో ఒకడు, తెల్లవారుజామున ఐదింటికి ఉరి. డికిన్సన్ గొంతు తగ్గించి, దాదాపు మాట్లాడినట్టే మొదలుపెడతాడు, నా టైమ్ అయిపోవస్తోందని చెప్పే లైన్లో చివరి మాటని పట్టుకుని లాగుతాడు, లాగుతూనే ఉంటాడు, ఊపిరి ఎక్కడిదో అర్థం కాదు. అది తెగకముందే గిటార్లు వచ్చి పడతాయి. ఆ తర్వాత వాడి మనసు ఎన్ని రకాలుగా పోతుందో చూడండి, ఇదంతా కలేమో అంటాడు, భయం లేదంటూనే ఏడుస్తున్నానేంటి అంటాడు, దేవుడుంటే నన్నెందుకు పోనిస్తున్నాడంటాడు. ఫాదర్ వచ్చి ఆఖరి ప్రార్థన చదువుతాడు. చివర్లో ధైర్యం వచ్చిందో, వచ్చినట్టు నటిస్తున్నాడో చెప్పలేం. పేరుకి అర్థమేంట్రా అని హాస్టల్లో అడిగితే గుణదల నుంచి వచ్చే కుర్రాడొకడు నవ్వి, "నీ నామము పరిశుద్ధపరచబడు గాక, మా పరలోక ప్రార్థన రా అది" అన్నాడు. చిన్నప్పటి నుంచి వాడు రోజూ చెప్పుకునే మాట ఉరికంబం ఎక్కేవాడి నోట విని వాడు కూడా కాసేపు ఏం మాట్లాడలేదు.

2020లో ఆఫీసు ఇంటికొచ్చేసిన రోజుల్లో అమ్మ దగ్గరే ఉన్నాను. ఒక మధ్యాహ్నం హెడ్‌ఫోన్స్ పాడై ఇదే పాట స్పీకర్లో పెట్టాను. అమ్మ హాల్లో కూర్చుని గోరుచిక్కుళ్ళకి ఈనెలు తీస్తోంది. "ఏంట్రా వాడి ఏడుపు, ఎవరన్నా పోయారా?" అంది. ఇంకా పోలేదమ్మా, తెల్లారితే ఉరి అన్నాను. కథంతా చెప్పాను. ఊ కొడుతూ వింది.

రాత్రి అన్నం పెడుతూ అడిగింది, "ఇంతకీ వాడు చేసిన తప్పేంటి?"

పదిహేనేళ్ళుగా వింటున్నాను, ఎప్పుడూ తట్టలేదు. భోజనం అయ్యాక మళ్ళీ పెట్టి, ప్రతి లైనూ జాగ్రత్తగా విన్నాను. ఎక్కడా చెప్పలేదు.