పాఠ్యపథకంలో పిల్లల జవాబులకూ చోటుండాలి: నా బి.ఇడి. అనుభవం

ఎడ్‌సెట్ రాసి బి.ఇడి.లో గణితం మెథడ్‌గా (బోధించడం నేర్చుకునే విషయంగా) తీసుకున్నప్పుడు, విషయం బాగా తెలిసి, గొంతు స్పష్టంగా ఉంటే మంచి ఉపాధ్యాయులం కావచ్చన్న అభిప్రాయం మా తరగతిలో చాలామందికి ఉండేది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో కోర్సును రెండేళ్లకు పెంచి, అందులో 20 వారాలను పాఠశాలలకు ఎందుకు కేటాయించిందో ఇంటర్న్‌షిప్‌కు వెళ్లాకే నాకు బోధపడింది.

అంతకుముందు కళాశాలలో సూక్ష్మబోధన చేయించారు. 6 నిమిషాలు పాఠం చెప్పి, 6 నిమిషాలు అధ్యాపకుల, సహాధ్యాయుల అభిప్రాయాలు విని, 12 నిమిషాల్లో పథకాన్ని సరిదిద్దుకుని, మళ్లీ 6 నిమిషాలు బోధించి, మరో 6 నిమిషాలు అభిప్రాయాలు వినాలి. ఒక్కసారికి ఒక్క నైపుణ్యం మీదే దృష్టి పెట్టే ఈ పద్ధతి ఎంతో మేలు చేసింది. అయితే అక్కడ విద్యార్థులుగా కూర్చునేవారు మా సహ ఛాత్రోపాధ్యాయులే (ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్నవారే) కనుక, పిల్లలు నిజంగా ఎలా ఆలోచిస్తారో అక్కడ తెలిసే వీలు లేదు.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నాకు మార్గదర్శకులుగా ఉన్న మాస్టారు నా పాఠ్యపథకం చూసి, ప్రతి ప్రశ్న పక్కనా ‘పిల్లలు ఏమనవచ్చు’ అని ఒక గడి గీయించారు. ఆరో తరగతిలో భిన్నాలు చెబుతూ 1/3, 1/4లలో ఏది పెద్దదని అడిగితే, ఒక అమ్మాయి “నాలుగో వంతే టీచర్, మూడు కన్నా నాలుగు పెద్దది కదా” అంది. ఈ జవాబు వస్తుందని మాస్టారు ముందే ఊహించి, “వెంటనే దిద్దకమ్మా, పట్టీలు చేతికివ్వు” అని చెప్పి ఉంచారు. కాగితాన్ని మూడు సమభాగాలుగా మడవడం పిల్లలకు కష్టం కనుక, 12 సెంటీమీటర్ల పట్టీలు రెండు తీసుకుని, ఒకదాన్ని 4 సెంటీమీటర్లకొకటి, రెండోదాన్ని 3 సెంటీమీటర్లకొకటి చొప్పున గీతలు గీసి తీసుకెళ్లాను. ఆ అమ్మాయి రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి కొంతసేపు చూసి, “ఎక్కువ ముక్కలు చేస్తే ఒక్కో ముక్క చిన్నదవుతుంది టీచర్” అని తనే చెప్పింది.

ప్రశ్న అడిగాక కొద్దిసేపు ఆగమని కూడా మాస్టారు పట్టుబట్టేవారు. ఉపాధ్యాయులు సాధారణంగా ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, 3 సెకన్లు ఆగగలిగితే జవాబుల నిడివి పెరిగి, మామూలుగా నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడతారని అమెరికా విద్యావేత్త మేరీ బడ్ రో 1970లలోనే తన పరిశోధనల్లో చూపారు. చివరి బెంచీలో కూర్చుని ఎవరెవరు జవాబు చెప్పారో మాస్టారు గుర్తు పెడుతూ ఉంటే, నేను ఆగిన కొద్దీ ఆ గుర్తులు వెనక వరుసలకు పాకడం నా కళ్లతో చూశాను. పక్క సెక్షన్‌లో అదే పాఠాన్ని ఆ అమ్మాయి జవాబుతోనే మొదలుపెట్టి, అది సరైనదో కాదో పిల్లలనే తేల్చమన్నాను. పాఠం మరింత చురుగ్గా సాగింది.

రికార్డులు రాయడానికి పట్టే కాలంలో సగమైనా ఇలా ఒకే పాఠాన్ని రెండోసారి చెప్పడానికి వెచ్చిస్తే బాగుంటుందని నా గట్టి నమ్మకం. 2030 నాటికి డిగ్రీ, బి.ఇడి. కలిసి ఉండే నాలుగేళ్ల సమీకృత బి.ఇడి.నే కనీస అర్హత చేయాలని జాతీయ విద్యా విధానం 2020 చెబుతోంది. మాస్టారు తన పీరియడ్లన్నీ తాను చెప్పుకుంటూనే, మధ్యాహ్న భోజన విరామంలో నా పథకాలు దిద్దేవారు. ఆ కోర్సు కనీస అర్హత అయ్యేనాటికైనా మార్గదర్శక ఉపాధ్యాయులకు కొన్ని పీరియడ్లు తగ్గించి, ఛాత్రోపాధ్యాయులతో కూర్చునే సమయాన్ని టైంటేబుల్‌లోనే చేర్చాలి.