11 లీటర్ల ట్యాంకు, 365 కిలోమీటర్ల బోర్డు

మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో, కేలాంగ్‌కి ఏడెనిమిది కిలోమీటర్ల ముందు, తాండి దగ్గర ఒక పెట్రోల్ బంకు ఉంది. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని అక్కడ బోర్డు పెట్టారు. లడఖ్ వెళ్లొచ్చినవాళ్ల ఫోన్లలో ఆ బోర్డు ఫోటో తప్పకుండా ఉంటుంది. నాకు మాత్రం అది ఫోటో కంటే ముందు ఒక లెక్క. బయల్దేరడానికి ఎనిమిది నెలల ముందు నుంచీ ఆ అంకె బుర్రలో తిరుగుతూనే ఉంది, ఎందుకంటే నా బండి హీరో ఇంపల్స్, దాని ట్యాంకు 11.1 లీటర్లు.

ఇంపల్స్ అంటే చాలామందికి గుర్తుండకపోవచ్చు. 2011లో వచ్చిన 150 సీసీ బండి, బ్రెజిల్‌లో హోండా అమ్మిన ఎన్ఎక్స్ఆర్ 150 బ్రోస్‌కి దగ్గరి చుట్టం. ఎత్తుగా, సన్నగా ఉంటుంది, 134 కిలోలే, గుంతల రోడ్డు మీద నడుం పట్టేయకుండా వెళ్తుంది. అప్పట్లో అలాంటి బండి కావాలనుకునేవాళ్లు మన దగ్గర తక్కువ, పెద్దగా అమ్ముడుపోలేదు, కొన్నేళ్లకే తయారీ ఆపేశారు. నాది 2012లో కొన్నది. దాన్ని అమ్మేసి పదిహేను లీటర్ల ట్యాంకున్న హిమాలయన్ కొనుక్కోమని మా బావ నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు, ఆయన దగ్గర ఉన్నది అదే. కానీ నాకు ఈ బండే ఇష్టం, దీని మీదే వెళ్లాలి.

హిమాలయన్‌కో ఎక్స్‌పల్స్‌కో అయితే పెట్రోల్ డబ్బా తగిలించుకునే స్టాండ్ల నుంచి అన్నీ రెడీమేడ్‌గా దొరుకుతాయి. ఇంపల్స్‌కి మామూలు స్పేర్ పార్టు దొరకాలన్నా పది షాపులు తిరగాలి, పెద్ద ట్యాంకు సంగతి ఇక ఎవరూ ఆలోచించను కూడా లేదు. కాబట్టి చేయించుకోవడమే దారి.

ముందు ఎంత కావాలో తేల్చుకోవాలి. చాలామంది ఈ పని చెయ్యకుండా నేరుగా ఇరవై లీటర్ల ట్యాంకు గురించి కలలు కంటారు. నా బండి విజయవాడ నుంచి హైదరాబాద్ హైవే మీద లీటరుకి 42 ఇచ్చేది. అదే మైలేజీ పైన రాదు. నాలుగైదు వేల మీటర్ల ఎత్తులో గాలి పలచబడుతుంది, కార్బురేటర్ బండికి ఆ గాలికి తగ్గట్టు పెట్రోల్‌ని పూర్తిగా తగ్గించుకోవడం చేతకాదు, పైగా సామానుతో, రెండో గేరులో మూడో గేరులో గంటల తరబడి ఎక్కాలి. అందుకని నేను 31 వేసుకున్నాను. 365ని 31తో భాగిస్తే 11.8 లీటర్లు. అంటే ఫుల్ ట్యాంకు కొట్టించినా 700 మిల్లీలీటర్లు తక్కువ. దారి తప్పినా, రోడ్డు తెగి వెనక్కి రావాల్సి వచ్చినా సరిపోయేలా ఇంకో మూడు లీటర్లు చేతిలో ఉండాలి. మొత్తం మీద నాలుగు, నాలుగున్నర లీటర్లు అదనంగా ఉంటే చాలు. ఈ లెక్క తేలాక మనసు తేలికపడింది, ఎందుకంటే నాలుగున్నర లీటర్లు అంటే మూడుంపావు కిలోల పెట్రోలే, దానికోసం బండి స్వరూపం మార్చక్కర్లేదు.

ఇంకో మాట, ఇది పైసా ఖర్చులేనిది. ట్యాంకు లోపల ఫ్రేము పైపు కోసం మధ్యలో గూడులా ఉంటుంది, పెట్రోల్ కుడివైపు కొంత, ఎడమవైపు కొంత చేరుతుంది. పెట్రోల్ తెరిచి మూసే కుళాయి, అంటే కాక్, ఉండేది ఎడమవైపు ఒక్కచోటే. రిజర్వ్ కూడా అయిపోయి బండి ఆగిపోయినప్పుడు దాన్ని ఎడమవైపు బాగా వంచి పట్టుకుంటే కుడిపక్క మిగిలింది ఇటు పారుతుంది. నేను కొలిచి చూశాను, నా బండిలో ముప్పావు గ్లాసు పైనే వచ్చింది. ఐదారు కిలోమీటర్లు వెళ్లడానికి అది చాలు.

సరే, చేయించుకోవడానికి ఆటోనగర్ వెళ్లాను. మొదట నా ఆలోచన వేరే బండి ట్యాంకు తెచ్చి బిగించడం. పాత సామాన్ల షాపులో కరిజ్మా ట్యాంకు ఒకటి కనిపిస్తే తెచ్చి పైన పెట్టి చూశాం. కింది గూడు వెడల్పు ఫ్రేముతో కలవలేదు, వెనక చెవి సీటు కిందికి రాలేదు, హ్యాండిల్ పూర్తిగా తిప్పితే ట్యాంకుకి తగిలింది. మట్టిరోడ్డు మీద హ్యాండిల్ పూర్తిగా తిరగాల్సిన బండికి అది పనికిరాదు. రెండో ఆలోచన, ఉన్న ట్యాంకునే కోసి పక్కలకి రేకు అతికి పెద్దది చేయడం. టింకరింగ్ మేస్త్రీ గారు ఆ మాట వినగానే చేతిలో పని ఆపేశారు.

"బాబూ, నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం. నువ్వు ఖాళీ అనుకుంటావు, లోపల ఆవిరి ఉంటుంది."

"కడిగేసి చేయొచ్చు కదండీ?"

"కడగాలి, ఆవిరి పట్టాలి, నీళ్లు నింపి పైన కొంచెం ఖాళీ ఉంచి అప్పుడు మంట పెట్టాలి. ఇదంతా చేసినా రేపు ఆ అతుకు పగిలితే నీకు ఇంకో ట్యాంకు దొరుకుతుందా?"

ఆ చివరి ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. గాలిలో పెట్రోల్ ఆవిరి ఒకటిన్నర శాతం ఉంటే చాలు, నిప్పురవ్వకి అంటుకుంటుంది. ఖాళీ ట్యాంకులో అంత ఆవిరి ఎప్పుడూ ఉంటుంది. దయచేసి ఎవరూ ఇంటి దగ్గర వెల్డింగ్ షాపులో పాత ట్యాంకు కోయించకండి. ఫైబర్ ట్యాంకు చేసిస్తామన్నవాళ్లూ ఉన్నారు, నేను వద్దన్నాను. ఇప్పుడు మన బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, మామూలు పాలిస్టర్ రెజిన్‌ని అది మెల్లగా మెత్తబరుస్తుంది, ఆ జిగురు వచ్చి కార్బురేటర్ జెట్‌లో, అంటే పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రంలో, కూర్చుంటుంది.

చివరికి ఖాయమైంది వెనక క్యారియర్ మీద కూర్చునే చిన్న ట్యాంకు. 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 8 ఎత్తు, అంటే 4.8 లీటర్లు. పైన కొంచెం ఖాళీ వదలాలి, పెట్రోల్ ఎండకి పెరుగుతుంది, పది డిగ్రీలకి సుమారు ఒక శాతం. అలా నాలుగున్నర నింపుకోవచ్చు. 1.2 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు, ఆర్గాన్ వెల్డింగ్. మూలలన్నీ అతికే బదులు రేకునే వంచి అతుకులు తగ్గించారు మేస్త్రీ గారు, సన్నబండి వణుకుడికి ముందు పగిలేది అతుకే అని. మధ్యలో చిల్లులున్న ఒక అడ్డరేకు, పెట్రోల్ అటూ ఇటూ కొట్టుకోకుండా. మూతలో పెట్రోల్‌ని తట్టుకునే విటాన్ రబ్బరు రింగు వేయించాను, మామూలు రబ్బరు వాషరు రెండు వారాల్లో ఉబ్బిపోతుంది. క్యారియర్‌కీ ట్యాంకుకీ మధ్య నాలుగు రబ్బరు బుష్‌లు.

పక్కన సైడ్ ప్యానెల్ దగ్గర తగిలిస్తే బరువు కిందికి వస్తుంది కదా అని మీకనిపించొచ్చు. నాకూ అనిపించింది. కానీ ఇది పంపు లేని బండి, పెట్రోల్ పైనుంచి కిందికి తనంతట తాను పారాలి. కార్బురేటర్ కన్నా కొంచెమే ఎత్తులో ట్యాంకు పెడితే చదును రోడ్డు మీద బాగానే ఉంటుంది, ఘాట్ ఎక్కేటప్పుడు బండి వెనక్కి వాలగానే ట్యాంకు కిందికి దిగిపోయి ధార ఆగిపోతుంది. కుడివైపు సైలెన్సర్ ఉంది, అటు అసలు ఆలోచించకూడదు. క్యారియర్ మీద అయితే కార్బురేటర్ కన్నా దాదాపు పావు మీటరు ఎత్తు దొరుకుతుంది. ఇంటి దగ్గర ముందు చక్రం కింద ఇటుకలు పెట్టి, బండిని వెనక్కి వాల్చి, పైపు చివర కొలత సీసా పెట్టి చూశాను, నిమిషానికి 200 మిల్లీలీటర్లు వచ్చింది. 150 సీసీ ఇంజను ఎంత లాగినా అందులో మూడో వంతు కూడా తాగదు.

లీకు చూసిన పద్ధతి చెప్తాను, ఇది మేస్త్రీ గారి దగ్గర నేర్చుకున్నదే. అతుకుల మీద బయటినుంచి సుద్దముక్క రుద్దారు, తెల్లగా పొడి పట్టేలా. లోపల డీజిల్ పోసి మూత పెట్టి రాత్రంతా వదిలేశారు. పొద్దున చూస్తే ఒక మూల సుద్ద మీద ఆవగింజంత మచ్చ, నల్లగా. కంటికి అక్కడ రంధ్రమే కనపడదు, నీళ్లు పోసి చూసినప్పుడు కారలేదు కూడా. ఆ మచ్చ చుట్టూ ముగ్గు పొడి లాంటి తెలుపు, మధ్యలో ఆ చుక్క, ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. లోపలంతా కడిగి, ఆరబెట్టి, మళ్లీ అతికి, మళ్లీ సుద్ద రాసి మరో రాత్రి ఉంచాం.

తప్పు నేను చేసింది పైపుల దగ్గర. మెయిన్ ట్యాంకు పైపుకీ వెనక ట్యాంకు పైపుకీ టీ-జాయింట్ పెట్టి, దేనికి దానికి కాక్ బిగించాను. ఒక రాత్రి రెండు కాక్‌లూ తెరిచే వదిలేశాను. మెయిన్ ట్యాంకులో పెట్రోల్ మట్టం వెనక ట్యాంకు కన్నా ఎత్తు, దాంతో అది టీ దగ్గర నుంచి వెనక ట్యాంకులోకి ఎక్కి, అది నిండి, గాలి పైపు గుండా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోకి కారింది. తెల్లవారుజామున వాచ్‌మన్ వాసన పట్టి లేపాడు. పక్కనే ఎనిమిది బళ్లు, పైన ఐదంతస్తుల జనం. ఇసుక చల్లి, బండిని బయటికి తోసి, ఎవరూ స్విచ్‌లు వేయకుండా చూసి, నేల ఆరేదాకా నేను అక్కణ్నుంచి కదల్లేదు. ఆ రోజే టీ తీసేసి త్రీ-వే కాక్ పెట్టాను. అటు తిప్పితే మెయిన్, ఇటు తిప్పితే వెనకది, మధ్యలో బంద్. రెండూ ఒకేసారి తెరుచుకునే వీలే ఉండకూడదు. ఎవరైనా ఇలాంటిది చేస్తుంటే ఈ ఒక్క ముక్క మాత్రం మర్చిపోవద్దు.

గాలి పైపు కూడా అంతే ముఖ్యం. ఎత్తుకి ఎక్కేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గుతుంది, లేహ్ దారిలోని తంగ్లాంగ్ లా కనుమ మీద అది మన దగ్గరున్న దాంట్లో సగానికి దగ్గరగా ఉంటుంది. గట్టిగా మూసిన డబ్బా అక్కడ ఉబ్బుతుంది, కూల్‌డ్రింక్ సీసా అయితే మూత దగ్గర చెమర్చడం మొదలుపెడుతుంది. దిగేటప్పుడు ఇది తిరగబడుతుంది, గాలి లోపలికి పోకపోతే ధార ఆగి ఇంజను ఆగిపోతుంది. అందుకే సీసాల్లో పట్టుకెళ్లడం నాకు నచ్చదు. 1934 నాటి పెట్రోలియం చట్టం కూడా లైసెన్సు లేకుండా అమ్మకానికి కాని పెట్రోల్ 30 లీటర్ల దాకా ఉంచుకోనిస్తుంది గానీ గట్టి మూత ఉన్న లోహపు పాత్రలో, పాత్ర 25 లీటర్లు దాటకుండా. గాజు, పింగాణీ అయితే లీటరే. ప్లాస్టిక్ మాట అందులో లేదు. ఇక మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడాగా బండిని మార్చొద్దంటుంది, అందుకే నేను ట్యాంకుని నాలుగు బోల్టుల మీద పెట్టించాను, ట్రిప్పు కాగానే విప్పేశాను.

బండి రైల్లో పార్సిల్ వేయాలంటే పెట్రోల్ మొత్తం తీసేయాలి. మెయిన్ ట్యాంకు పైపు లాగితే అయిపోయింది. వెనకదానికి అవుట్‌లెట్ అడుగు నుంచి ఒక సెంటీమీటరు పైకి పెట్టించాను, చెత్త, నీరు కింద ఆగుతుందని. ఆ సెంటీమీటరులో అరలీటరు పైనే ఉండిపోయింది. ప్లాట్‌ఫాం బయట ట్యాంకు విప్పి తలకిందులు చేయాల్సి వచ్చింది. ఇంటికి తిరిగొచ్చాక అవుట్‌లెట్ మూడు మిల్లీమీటర్లకి దించి, లైనులో ఫిల్టర్ వేశాను. వెళ్లేటప్పుడు మాత్రం లేహ్ దారిలో సర్‌చు దాటాక బండిని ముందుకి వంచి ఆ అరలీటరు కూడా వాడుకున్నాను.

తాండిలో రెండూ నింపి, కాక్ వెనక ట్యాంకు వైపే పెట్టి బయల్దేరాను. ముందు అది ఖాళీ అయితే వెనక బరువు తగ్గుతుంది, అందులో ఏదైనా తేడా ఉంటే బంకు దగ్గరలో ఉండగానే తెలుస్తుంది. బారాలాచా లా ఎక్కింది, సర్‌చు దాటింది, గాటా లూప్స్ 21 మలుపుల్లో మూడోదో నాలుగోదో తిరుగుతుంటే ఇంజను ఒకసారి దగ్గింది. ఎడమ చేత్తో కాక్ మెయిన్‌కి తిప్పాను. మూడు నాలుగు సెకన్లు గొంతు పట్టుకున్నట్టు లాగి, మళ్లీ అందుకుంది. అప్పటికి 140 కిలోమీటర్లు. మిగతా 225 మెయిన్ ట్యాంకు మీదే వెళ్లి లేహ్ బంకులో ఆగాను. మెయిన్‌లో 7.2 లీటర్లు పట్టింది, అంటే మొత్తం 11.7. నా లెక్కకి వంద మిల్లీలీటర్లు తక్కువే. పక్కన హిమాలయన్ మీద కూర్చుని బావ రసీదు తీసుకుని చూశాడు, ఏమీ అనకుండా నా చేతికిచ్చాడు.

ఇప్పుడు ఆ ట్యాంకు అటక మీద గుడ్డలో చుట్టి ఉంది, లోపల ఆరబెట్టి, మూత వదులుగా పెట్టి. మొన్న దించి పైపు నొక్కి చూస్తే మెత్తబడి జిగటగా తగిలింది. ఇథనాల్ తట్టుకునే రకం పైపు రెండు మీటర్లు కొని తెచ్చాను, ఈ ఆదివారం మారుస్తాను.