ఆనముడి కింద నిలబడి

మున్నార్ నుంచి వచ్చి మూడు రోజులైంది. మనసు ఇంకా రాజమల గడ్డి కొండల మీదే ఉంది.

అటవీశాఖ బస్సు దిగి నడుస్తుంటే దారి పక్కనే నీలగిరి తార్, పిల్లతో సహా. తమిళంలో వరయాడు అంటారు. మమ్మల్ని చూసి బెదరలేదు, తన మేత తనది. "మేకేనా నాన్నా?" అంది మా పాప. ఆ జాతిదేనమ్మా, కానీ ప్రపంచం మొత్తంలో కేరళ, తమిళనాడు కొండల్లో తప్ప ఎక్కడా లేదని చెప్పాను.

ఎదురుగా ఆనముడి. 2,695 మీటర్లు. దక్షిణ భారతంలో దాన్ని మించిన శిఖరం లేదు. అందరం ఫొటోలు తీసుకునేది అందుకే, నాకు టెన్షన్ పెట్టిందీ అదే. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది. కింద వేడి పెరిగేకొద్దీ చలికి అలవాటుపడిన ప్రాణులు పైకి జరగాలి. పైకి వెళ్లేకొద్దీ నేల తగ్గిపోతుంది. పక్క కొండకు పోదామంటే మధ్యలో వెచ్చని లోయలు, టీ తోటలు.

ఆ శిఖరం దగ్గర నారింజ రంగు కప్ప ఒకటి ఉంది. శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టిందే 2010లో. అది బతికే చోటంతా కలిపినా 3 చదరపు కిలోమీటర్లు ఉండదు. పైకి సందర్శకులను వెళ్లనివ్వరు. చాలా మంచి పని.

పాపకు ఆ కప్ప సంగతి బస్సులో చెప్పాను. "అక్కడా ఎండలు ముదిరితే?" అంది. కిటికీలోంచి మబ్బు కమ్మిన శిఖరం కనబడుతోంది. నా దగ్గర జవాబు లేదు.