ఈస్ట్ ట్రాయ్ నుంచి సరస్సు ఆవలి ఒడ్డుకు: బ్యూయెల్ యజమానులతో ఒక యాత్ర

మిల్వాకీ నుంచి నైరుతి దిశగా 43వ నంబరు ఇంటర్‌స్టేట్ రహదారి మీద ముప్పావు గంట వెళితే ఈస్ట్ ట్రాయ్ అనే చిన్న ఊరు వస్తుంది. విస్కాన్సిన్ చూడవచ్చినవారు సాధారణంగా అక్కడ ఆగరు. ఆగితే పాత ఎలక్ట్రిక్ రైలు మ్యూజియం కోసమో, దగ్గర్లోని ఆల్పైన్ వ్యాలీ సంగీత వేదిక కోసమో ఆగుతారు. మేము బయలుదేరింది మాత్రం 2009లో మూతపడిన బ్యూయెల్ మోటార్‌సైకిల్ కార్ఖానా ఉన్న చోటు చూడటానికి. బ్యూయెల్ అన్న పేరు 2021లో మళ్ళీ వెలుగులోకి వచ్చింది. ఆ మరుసటి వేసవిలో ఆ బైకుల యజమానులం కొందరం మిల్వాకీలో కలుసుకుని, కంపెనీ పుట్టిన ప్రాంతం మొదలుకొని మిషిగన్ సరస్సు అవతల దాని కొత్త నివాసమైన గ్రాండ్ రాపిడ్స్ వరకూ వెళ్ళాలని అనుకున్నాము.

మా గుంపులో మూడు తరాల బైకులు ఉన్నాయి. 1990లలో వచ్చిన గొట్టపు ఫ్రేమ్ బైకులను యజమానులు ‘ట్యూబర్లు’ అంటారు. వాటిలో షాక్ అబ్జార్బర్ ఇంజను కింద పడుకుని ఉంటుంది, అందరి బైకుల్లోలాగా నొక్కుకోకుండా సాగుతూ పనిచేస్తుంది. తరువాతివి నా ఎక్స్‌బీ9ఆర్ వంటి ఎక్స్‌బీలు. ఆఖరివి 2007లో వచ్చిన, ఆస్ట్రియా కంపెనీ రోటాక్స్ ఇంజను అమర్చిన 1125ఆర్‌లు. ట్యూబర్ యజమానులు మిగతా వాళ్ళను కొంచెం చిన్నచూపు చూస్తారు. వాళ్ళ ఎస్1 లైట్నింగ్‌కు కుడివైపు పొడుచుకొచ్చిన ఎయిర్‌బాక్స్ (ఇంజనుకు గాలి అందించే పెట్టె) మోకాలికి ఎంత అడ్డం వచ్చినా, దానిని కూడా ఒక ఘనతగానే చెప్పుకుంటారు.

దారిలో ముక్వోనాగో వస్తుంది. హార్లీ డేవిడ్సన్‌లో ఇంజనీరుగా పనిచేసిన ఎరిక్ బ్యూయెల్, ఉద్యోగం వదిలి 1983లో సొంతంగా రేసు బైకు కట్టే పని మొదలుపెట్టింది ఈ చుట్టుపక్కలే. ఆయన మొదటి బైకు ఆర్‌డబ్ల్యూ750. నాలుగు సిలిండర్ల ఆ టూ-స్ట్రోక్ యంత్రాన్ని ఏ రేసు తరగతి కోసం తయారు చేశాడో, ఆ తరగతినే అమెరికన్ రేసింగ్ సంఘం 1985 సీజనుతో ఎత్తివేసింది. మరొకరైతే అక్కడితో ఆగిపోయేవారు. ఆయన హార్లీ దగ్గర మిగిలిపోయిన ఎక్స్‌ఆర్1000 ఇంజనులు తీసుకుని, వాటి చుట్టూ ఆర్‌ఆర్1000 అనే బైకును కట్టాడు. ఆ కంపెనీ చరిత్ర అంతా ఇదే తీరులో నడిచింది: ఇంజను ఎప్పుడూ ఇంకొకరిది, దాని చుట్టూ ఉన్న ఆలోచన మాత్రం ఆయనది.

ఆ ఆలోచన పూర్తి రూపంలో కనబడేది 2002లో వచ్చిన ఎక్స్‌బీలోనే అని నా అభిప్రాయం. నా దగ్గర ఉన్నది అదే కాబట్టి ఈ తీర్పులో కొంత పక్షపాతం ఉండవచ్చు. పెట్రోలు ట్యాంకులో ఉండదు, మందమైన అల్యూమినియం ఫ్రేమ్ లోపలే ఉంటుంది. ఇంజను ఆయిలు వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్‌లో ఉంటుంది. సైలెన్సర్ పక్కన వేలాడకుండా ఇంజను కిందికి చేరింది. బరువంతటినీ వీలైనంత మధ్యకు, కిందికి తేవడమే ఈ ఏర్పాట్ల ఉద్దేశం. ముందు చక్రానికి ఒకే ఒక పెద్ద డిస్కు ఉంటుంది, అదీ హబ్బుకు కాక రిమ్ముకే బిగించి ఉంటుంది. బ్రేకు బలం ఊచల గుండా పోనక్కరలేదు కనుక చక్రాన్ని తేలికగా చేయగలిగారు. చక్రాల మధ్య దూరం 52 అంగుళాలే కావడంతో మలుపుల్లో ఈ బైకు ఎంత చురుకుగా తిరుగుతుందో, సిగ్నలు దగ్గర నిలిచినప్పుడు 984 సీసీ ఇంజను అంతగానూ ఊగిపోతుంది. అద్దాల్లో వెనుక వాహనం ఒకటో రెండో చెప్పడం కష్టం.

ఈస్ట్ ట్రాయ్ అంచున ఉన్న పారిశ్రామిక వాడలో బ్యూయెల్ డ్రైవ్ అని ఒక వీధి ఉంది. చూడటానికి అక్కడ గొప్పగా ఏమీ లేదు: రేకుల గోడల భవనాలు, కత్తిరించిన పచ్చిక, వాహనాలు నిలిపే విశాలమైన స్థలం. అయినా మాలో కొందరు బైకు దిగి చాలాసేపు మాట్లాడలేదు. హార్లీ డేవిడ్సన్ 1993లో ఈ కంపెనీలో 49 శాతం వాటా తీసుకుంది, ఆ తరువాత దాదాపు మొత్తాన్నీ సొంతం చేసుకుంది, ఆర్థిక మాంద్యం దెబ్బ తరువాత 2009 అక్టోబరు 15న మూసివేత ప్రకటించింది. ఆ నెలాఖరులో చివరి బైకు బయటికి వచ్చేసరికి మొత్తం తయారైనవి 136,923. పెద్ద కంపెనీల లెక్కలో అది ఏపాటి సంఖ్యా కాదు. ఆ ఏడాదే డానీ ఎస్లిక్ 1125ఆర్ మీద అమెరికన్ డేటోనా స్పోర్ట్‌బైక్ చాంపియన్‌షిప్ గెలిచాడు. గెలిచిన సంవత్సరంలోనే కార్ఖానా మూతపడిందన్న సంగతిని 1125 యజమానులు ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెబుతారు.

రెండవ మూసివేత కథ దగ్గరికి వచ్చేసరికి అందరి చూపూ నా మీదికి మళ్ళింది. ఎరిక్ బ్యూయెల్ అదే ఊళ్ళో ఎరిక్ బ్యూయెల్ రేసింగ్ పేరుతో మళ్ళీ మొదలుపెట్టి, 1190ఆర్‌ఎస్, ఆ తరువాత 185 హార్స్‌పవర్ 1190ఆర్‌ఎక్స్ తెచ్చాడు. 2013లో హీరో మోటోకార్ప్ రెండున్నర కోట్ల డాలర్లతో అందులో 49.2 శాతం వాటా తీసుకుంది. 2014లో హీరో రంగులతో ఆ బైకులు ప్రపంచ సూపర్‌బైక్ పోటీల్లోనూ పరుగెత్తాయి. 2015 ఏప్రిల్‌లో కంపెనీ అప్పుల భారంతో కోర్టు పర్యవేక్షణలోకి వెళ్ళింది. “మీ దేశం వాళ్ళు ఇంకొంచెం ఓపిక పట్టి ఉంటే ఏమయ్యేదంటారు?” అని ఒక పెద్దాయన నన్ను అడిగారు, నేనేదో ఆ కంపెనీ డైరెక్టర్ల బోర్డులో కూర్చున్నట్టు. నెలకు లక్షల సంఖ్యలో చిన్న బైకులు అమ్మే సంస్థకు అవసరమైనది ఇంజనీరింగ్ పరిజ్ఞానమనీ, పద్దెనిమిది వేల డాలర్ల పైచిలుకు ధర పలికే సూపర్‌బైకు వ్యాపారం కాదనీ నాకు తోచింది చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు కానీ వాదించనూ లేదు.

ఆస్తులను చివరికి కొన్నది గ్రాండ్ రాపిడ్స్‌కు చెందిన లిక్విడ్ అసెట్ పార్ట్‌నర్స్. మూతపడిన కార్ఖానాల యంత్రాలను, సరుకును అమ్మిపెట్టడం దాని మామూలు వృత్తి. అలాంటి సంస్థ ఈస్ట్ ట్రాయ్‌లోనే 2016 మార్చిలో ఉత్పత్తి తిరిగి ప్రారంభించింది. 2017 జనవరిలో ఆపేసింది. ఆ పైన 2021లో బ్యూయెల్ పేరును చేజిక్కించుకుని, 2024 నాటికి పది మోడళ్ళు తెస్తామని ప్రకటించింది. ఎరిక్ బ్యూయెల్‌కు ఈ కొత్త ప్రయత్నంతో సంబంధం లేదు.

మిల్వాకీకి తిరిగి వచ్చి, మస్కీగన్ వెళ్ళే లేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. ఈ వేగపు ఫెర్రీలో సరస్సు దాటడానికి దాదాపు రెండున్నర గంటలు పడుతుంది. బైకులను డెక్కుకు పట్టీలతో బిగించుకునే పని బైకు నడిపేవారిదే. ఎక్స్‌బీని కట్టడం అంత సులువు కాదు. లావాటి ఫ్రేమ్‌కు కొక్కెం తగిలించే చోటు లేదు, కింద సైలెన్సర్‌కు పట్టీ తగలకూడదు. చివరికి ముందు ఫోర్కును పట్టి ఉంచే దిగువ క్లాంపుకు కట్టాలి. మా పాట్లు చూసి పక్కనున్న టూరింగ్ బైకు ఆసామి ఇది ఏ దేశపు బైకని అడిగాడు. తయారైన ఊరు అక్కడికి ముప్పావు గంట దూరమే అంటే నమ్మలేదు.

పైడెక్కు మీద గాలికి మాట వినబడనంత హోరు. కాబట్టి లోపల బల్ల చుట్టూ కూర్చున్నాము. సంభాషణ ఎటు తిప్పినా విడిభాగాల దగ్గరికే వచ్చింది. ఎక్స్‌బీ వెనుక చక్రం బేరింగులు ఎప్పుడు మార్చాలి, పెట్రోలు పంపు పాడైతే ఎక్కడ వెతకాలి, 1125ఆర్‌లో కరెంటు పుట్టించే స్టేటర్ కాలిపోకుండా ఏ పద్ధతి మేలు, చెయిను బదులు ఉండే బెల్టును ముందే ఒకటి కొని దాచుకోవడం తెలివా, భయమా. ఒకరు ప్రతి ముఖ్యమైన భాగాన్నీ జతగా కొని ఇంటి గ్యారేజీలో పెట్టుకున్నారు. విడిభాగాలుగా విప్పి అమ్మే బైకు కనబడితే చాలు ట్రక్కు వేసుకుని వెళతారు. పునరుజ్జీవనం అనే మాటకు బయటివారు కొత్త మోడలు అని అర్థం చెప్పుకుంటారు. ఆ బల్ల దగ్గర దాని అర్థం, కౌంటరు అవతలి మనిషి విడిభాగం నంబరు చూసి ‘ఉంది’ అనడమే. కొత్త యాజమాన్యానికి నిజమైన పరీక్ష కూడా అక్కడేనని నేను అనుకుంటున్నాను. 1190 ఇంజను వాళ్ళ చేతిలో ఉంది గానీ, మాలో ఎక్కువమంది నడిపే గాలితో చల్లబడే ఇంజను హార్లీది, దానిని వాళ్ళు తయారు చేయలేరు.

మస్కీగన్‌లో దిగగానే గడియారాన్ని గంట ముందుకు తిప్పుకుని, 96వ నంబరు ఇంటర్‌స్టేట్ పట్టుకుని గ్రాండ్ రాపిడ్స్ చేరాము. సెలవు రోజు కావడంతో కార్యాలయం మూసి ఉంటుందని ముందే తెలుసు. భవనాన్ని బయటి నుంచే చూశాము. స్థానికంగా ఉండే ఒక యజమాని తన 1190ఆర్‌ఎక్స్ తీసుకుని మమ్మల్ని కలవడానికి వచ్చారు. ట్యూబర్ల వాళ్ళతో సహా అందరూ ఆ బైకు చుట్టూ వంగి, ఫ్రేమ్‌లోనే పెట్రోలు పోసే మూతనూ, రిమ్ముకు బిగించిన డిస్కునూ తడిమి చూశారు. పేరు మారినా, యజమానులు మారినా ఆ రెండూ మారలేదు. అప్పట్లో కొత్తగా ప్రకటించిన హ్యామర్‌హెడ్ 1190 కూడా దీని వారసురాలే.

భోజనాల దగ్గర కొత్తదానికి ఎవరు డబ్బు కడతారన్న చర్చ వచ్చింది. రెండుసార్లు మూతపడిన పేరుకు మూడోసారి డబ్బు అప్పగించడానికి చాలామందికి మనసొప్పలేదు, డీలరు దగ్గరలో లేకపోతే సర్వీసు ఎవరు చేస్తారని అడిగారు. గ్యారేజీ నిండా జంట భాగాలు దాచుకున్న మనిషి ఒక్కరే తాను కొంటానన్నారు. ఆ బైకు మీద పెద్దగా మోజు లేదట. కంపెనీకి పది మంది కొనుగోలుదారులు కనబడితే మరో ఏడాది తలుపులు తెరిచే ఉంటాయి, అప్పుడు తన పాత 1125ఆర్‌కు ఫోను ఎత్తే మనిషి ఒకరు మిగులుతారన్నది ఆయన లెక్క. ఆ డబ్బుతో ఇంకో రెండు పాత 1125ఆర్‌లు విడిభాగాల కోసం విప్పుకోవడానికి కొనుక్కోవచ్చు కదా అని ఎవరో అన్నారు. అవి ఇప్పటికే కొన్నానని ఆయన జవాబిచ్చారు.