బ్యాంకు నిల్వ ఎంతో బ్యాంకునే అడగండి

2009 జనవరి 7న బయటపడిన సత్యం లేఖలో, అంటే సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ రాసిన లేఖలో, నన్ను ఇప్పటికీ కలవరపెట్టే అంకె ఒకటుంది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవు. ఇంత పెద్ద అబద్ధాన్ని పట్టడానికి మొదటి మెట్టు చాలా మామూలు పని: నిల్వ ధ్రువీకరణను కంపెనీ చేతుల మీదుగా కాకుండా, ఆడిటరే నేరుగా బ్యాంకు నుంచి తెప్పించుకోవడం. శాఖ చిరునామా, ఈమెయిల్ కూడా కంపెనీ ఇచ్చినవి వాడకూడదు. ఎఫ్‌డీ రసీదు జిరాక్సు సాక్ష్యం కాదు. వచ్చిందని చూపిన వడ్డీని ఫారం 26ఏఎస్‌లోని (ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే పన్ను కోతల పట్టిక) టీడీఎస్‌తో సరిపోల్చితే దొంగ డిపాజిట్ చాలావరకు అక్కడే దొరుకుతుంది.

చిన్న వ్యాపారాల్లో మోసం ఎక్కువగా కొనుగోళ్లలో ఉంటుంది. సరఫరాదారుల బ్యాంకు ఖాతా నంబర్లను ఉద్యోగుల జీతాల ఖాతాలతో పోల్చండి. పై అధికారి ఆమోదం తప్పనిసరయ్యే పరిమితి రూ.50,000 అయితే రూ.49,000, రూ.49,500 బిల్లులు వరుసగా వస్తున్నాయేమో చూడండి.

అనుమానం రాగానే ఆ ఉద్యోగి కంప్యూటర్ తెరవకండి, ఫైళ్ల తేదీలు మారిపోతాయి. ముందు హార్డ్‌డిస్క్ ఇమేజ్ (ఉన్నదున్నట్టు పూర్తి నకలు) తీయించి, హాష్ విలువ (డేటాలో ఏ చిన్న మార్పు జరిగినా మారిపోయే, వేలిముద్ర లాంటి కోడ్) రాయించి, నకలు మీదే పని చేయాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని కోర్టుకు ఇచ్చేటప్పుడు జతచేసే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ధ్రువపత్రంలో ఆ విలువ రాయాల్సి ఉంటుంది. కంపెనీ అయితే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. ఎవరు ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో దాన్నే ముందు చదవండి.