డిబేట్ టోర్నమెంట్‌లో ట్యాబ్ నడపడం: నా అనుభవం

ఎవరికి ఎవరితో పోటీ, ఏ గదిలో, ఏ జడ్జి ముందు, చివరికి ఎవరికెన్ని పాయింట్లు? డిబేట్ పోటీల్లో ఈ లెక్కంతటినీ ట్యాబ్ అంటాం. నాలుగేసి జట్లు తలపడే బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతికి నేను వాడేది ట్యాబీక్యాట్. 2010లో ఆక్లాండ్‌లో జరిగిన ఆస్ట్రలేషియన్ విశ్వవిద్యాలయాల పోటీల కోసం మొదట రాసిన సాఫ్ట్‌వేర్ ఇది. రెండు జట్ల పద్ధతులకూ పనికొస్తుంది, కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు. పన్నెండు జట్ల చిన్న పోటీ అయితే ఎక్సెల్‌తో నెట్టుకు రావచ్చు. అంతకు మించితే ఆ సాహసం వద్దు.

ఏ సాఫ్ట్‌వేర్ వాడినా కూడికలో తప్పు రాదు. తప్పులన్నీ మనం ఎక్కించే సమాచారంలోనే దూరతాయి. పేర్ల జాబితాలో, హాజరులో, జడ్జి మార్కులు రాసిచ్చే బ్యాలట్‌లో. అందుకే నా సమయమంతా దాదాపు ఈ మూడు చోట్లే పోతుంది.

జాబితాతో మొదలుపెడదాం. జట్లు, స్పీకర్లు, జడ్జిలు, గదుల వివరాలు స్ప్రెడ్‌షీట్ నుంచి ఎక్కిస్తాం. ఇక్కడ అన్నిటికన్నా ప్రమాదకరం కాలేజీ పేరు. జట్టు ఫారంలో పూర్తి పేరు, జడ్జి ఫారంలో పొట్టి పేరు రాశారనుకోండి, సాఫ్ట్‌వేర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు కాలేజీలు. ఆ జడ్జిని సొంత కాలేజీ జట్టు ఆడే గదిలోకే నిశ్చింతగా పంపేస్తుంది, ఎర్ర గుర్తు కూడా చూపదు. పేరు చివర కంటికి కనపడని ఒక ఖాళీ ఉన్నా కొంప మునగొచ్చు. కాబట్టి కాలేజీ పేరు ఎవరినీ టైపు చేయనివ్వను, ఫారంలో జాబితా ఇచ్చి ఎంచుకోమంటాను. ఎక్కించాక కాలేజీల పేజీ తెరిచి అక్షర క్రమంలో పైనుంచి కిందికి చదువుతాను. జంట పేర్లు పక్కపక్కనే దొరికిపోతాయి.

గదుల పేర్లలో ఇంకో తిరకాసు. మూడో అంతస్తు రెండో గదిని 3-2 అని రాస్తే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది. ఆ గడిని ముందే టెక్స్ట్‌గా పెట్టాలి. ఇంగ్లిష్ కాని అక్షరాల్లో పేర్లుంటే ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేయకపోతే ప్రశ్న గుర్తులు మిగులుతాయి.

సంబంధాలు కూడా ఈ దశలోనే అడిగేయాలి. జడ్జి ఇప్పటి కాలేజీ ఒక్కటే సరిపోదు. పాత కాలేజీ, శిక్షణ ఇచ్చిన జట్లు, బంధుత్వాలు, ప్రేమలు, అలకలు అన్నీ కావాలి. చెప్పకపోతే సాఫ్ట్‌వేర్‌కు తెలిసే దారి లేదు. కారణం రాయక్కర్లేదు, పేరిస్తే చాలంటే జనం నిజం చెబుతారు.

సెట్టింగుల్లో మర్చిపోకూడనిది సైలెంట్ రౌండ్లు. బ్రేక్, అంటే నాకౌట్ దశలో చోటు, ఎవరికి దక్కిందో ముందే తెలియకుండా చివరి రౌండ్ల ఫలితాలు దాచిపెట్టడం ఆనవాయితీ. ప్రపంచ విశ్వవిద్యాలయాల పోటీల్లో తొమ్మిది రౌండ్లుంటే చివరి మూడు అలాంటివే. ఏ రౌండు సైలెంటో మొదటి రోజే గుర్తుపెట్టి, లాగిన్ కాని ఫోన్లో పబ్లిక్ పేజీ తెరిచి చూడాలి. అడ్మిన్ తెరలో అన్నీ కనపడతాయి కాబట్టి అది చూసి నిర్ధారించుకోవడం కుదరదు.

హాజరు ప్రతి రౌండుకూ కొత్తగా తీయాలి. జట్ల సంఖ్యను నాలుగుతో భాగిస్తే శేషం ఉండకూడదు. 24 జట్లలో ఒకటి రాకపోతే వాలంటీర్లతో ఒక స్వింగ్ జట్టు కట్టి, దానికి స్వింగ్ గుర్తు పెట్టాలి, లేకపోతే అది బ్రేక్ జాబితాలోకి ఎక్కి కూర్చుంటుంది. డ్రా, అంటే ఎవరికి ఎవరితో ఏ గదిలో పోటీ అన్న జాబితా, విడుదలయ్యాక జట్టు రాలేదని తెలిస్తే డ్రా మళ్లీ తీయకండి. అదే గదిలో, అదే స్థానంలో స్వింగ్‌ను దించండి. కొత్త డ్రా తీస్తే అప్పటికే గదులకు చేరినవాళ్లందరూ కారిడార్లలోకి వస్తారు, అరగంట గంగపాలు.

డ్రా ఎలా వస్తుందో ఒక్కసారి చేత్తో వేసి చూసుకుంటే, తర్వాత ఎవరు అడిగినా జవాబు చెప్పగలుగుతారు. 24 జట్లు, 6 గదులు అనుకుందాం. మొదటి రౌండు లాటరీ. గదిలో మొదటి జట్టుకు 3 పాయింట్లు, తర్వాత 2, 1, 0. రౌండు ముగిసేసరికి 3, 2, 1, 0 పాయింట్ల దగ్గర ఆరేసి జట్లుంటాయి. రెండో రౌండులో సమాన పాయింట్లవాళ్లు కలవాలి, కానీ ఆరుగురిలో నలుగురికి ఒక గది పోగా ఇద్దరు మిగులుతారు. వాళ్ల కోసం 2 పాయింట్ల జట్లు రెండింటిని పైకి లాగుతారు, దాన్నే పుల్-అప్ అంటారు. అప్పుడు 2 పాయింట్ల దగ్గర నాలుగు మిగిలి ఒక గది నిండుతుంది. కింద 1, 0 దగ్గరా ఇదే తంతు. ‘మాకన్నా ఎక్కువ పాయింట్లున్నవాళ్లతో ఎందుకు వేశారు’ అని వచ్చే జట్టుకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే గొడవ అక్కడితో సరి. గదిలోని నాలుగు స్థానాలు (ప్రభుత్వం వైపూ ప్రతిపక్షం వైపూ ముందు మాట్లాడే ఓపెనింగ్, తర్వాత మాట్లాడే క్లోజింగ్) అందరికీ వీలైనంత సమానంగా వచ్చేలా సాఫ్ట్‌వేరే తిప్పుతుంది. చేత్తో సరిగా చేయలేని పని అదే.

జడ్జిల కేటాయింపుకు ఆటోమేటిక్ బటన్ ఉంది. దాన్ని చిత్తుప్రతి కింద తీసుకుని చీఫ్ అడ్జుడికేటర్ (పోటీ మొత్తానికి ప్రధాన జడ్జి) సరిచేయాలి. జడ్జి స్కోరులో జట్లు ఇచ్చే ఫీడ్‌బ్యాక్ వాటా ఎంతో రౌండు రౌండుకూ మనమే నిర్ణయించొచ్చు. మొదటి స్కోరు 3.5, ఫీడ్‌బ్యాక్ సగటు 4.5, వాటా 0.4 అయితే ఇప్పటి స్కోరు 3.9. తొలి రౌండ్లలో వాటా సున్నా దగ్గరే ఉంచుతాను. ఓడిన జట్టు ఒక్కటి కోపంగా రాసిన ఫీడ్‌బ్యాక్‌తో మంచి చైర్ (గదికి ప్రధాన జడ్జి) కిందికి జారిపోకూడదు కదా.

ఇక బ్యాలట్. ఒక గది నుంచి వచ్చిన కాగితం ఇలా ఉందనుకోండి. ఓపెనింగ్ గవర్నమెంట్ 76, 77, మొత్తం 153. ఓపెనింగ్ అపొజిషన్ 75, 75, మొత్తం 150. క్లోజింగ్ గవర్నమెంట్ 78, 76, మొత్తం 154. క్లోజింగ్ అపొజిషన్ 74, 74, మొత్తం 148. ట్యాబీక్యాట్ ఈ మొత్తాల నుంచే ర్యాంకులు తేలుస్తుంది, రెండు జట్లకు ఒకే మొత్తం వస్తే బ్యాలట్ తీసుకోదు. ఓపెనింగ్ గవర్నమెంట్ 76ను 67గా కొడితే జట్టు మొత్తం 144కు పడిపోయి రెండో స్థానం కాస్తా నాలుగోది అవుతుంది. కాగితం మీది ర్యాంకుతో పోల్చగానే దొరుకుతుంది. క్లోజింగ్ గవర్నమెంట్ 78ని 79గా కొడితే మాత్రం ర్యాంకు మారదు, దొరకదు. ఒకే జట్టులో ఇద్దరు స్పీకర్ల మార్కులు తారుమారైతే మొత్తం కూడా మారదు. ఈ రకం తప్పు టోర్నమెంట్ అంతా హాయిగా దాక్కుని ఉంటుంది. రెండో స్పీకర్ ముందు మాట్లాడిన జట్టులో జడ్జి అలవాటు కొద్దీ పేర్ల వరుసలో మార్కులు వేసినప్పుడే ఇది ఎక్కువగా జరుగుతుంది. అందుకే డిబేట్ మొదలవకముందే మాట్లాడే వరుసను స్పీకర్ల చేత చైర్ పలికించి రాసుకోవాలి.

ఒకరు ఎక్కించింది ఇంకొకరు నిర్ధారించాలి. నిర్ధారించేవాళ్లు తెర చూస్తూ తల ఊపడం కాదు. ఒకరు కాగితం చూసి పైకి చదవాలి, రెండోవాళ్లు తెర మీద వేలు పెట్టి చూడాలి. జడ్జిలే ఫోన్లో ఎక్కించే ఆన్‌లైన్ బ్యాలట్ వాడినా కాగితం ప్రతి ఒకటి ఉంచుకుంటాను, కనీసం దాని ఫొటో. ఒకే స్పీకర్ రెండు ప్రసంగాలూ చేస్తే రెండోదానికి డూప్లికేట్ గుర్తు పెట్టాలి. ఆ మార్కును, ఆ జట్టు పాయింట్లను ఏం చేయాలో టోర్నమెంట్ నియమాల్లో ముందే రాసి ఉండాలి.

రౌండు ముగించే ముందు ఒక చిన్న సరిచూపు. గదికి 6 పాయింట్లు, 6 గదులకు 36. ఐదు రౌండ్లకు అన్ని జట్ల పాయింట్ల మొత్తం సరిగ్గా 180 రావాలి. తగ్గితే ఎక్కడో ఒక బ్యాలట్ నిర్ధారణ కాకుండా మిగిలిపోయిందని అర్థం. ర్యాంకులు తారుమారైతే ఈ లెక్క పట్టుకోలేదు, దానికి కాగితమే దిక్కు. ఆ తర్వాత పట్టిక మొత్తాన్ని బయట స్ప్రెడ్‌షీట్‌లోకి కాపీ చేసి పెడతాను. నెట్ పోయినా తర్వాతి డ్రా చేత్తో తీసేంత సమాచారం చేతిలో ఉంటుంది.

తప్పు ఎప్పుడు బయటపడిందన్నదే అసలు సంగతి. తర్వాతి డ్రా విడుదల కాకముందైతే ఫలితం దిద్ది డ్రా మళ్లీ తీస్తే సరిపోతుంది. విడుదలయ్యాకైతే ఫలితం మాత్రమే దిద్దుతాం, డ్రా అలాగే నడుస్తుంది. అంటే ఆ జట్టు ఒక రౌండు తనది కాని బ్రాకెట్‌లో (సమాన పాయింట్ల గుంపులో) ఆడుతుంది. అది ఎవరూ తిరిగివ్వలేనిది. అందుకే ఆఖరి బ్యాలట్ వచ్చాక ఎంత తొందరపెట్టినా ఐదు నిమిషాలు ఆపుతాను.

బ్రేక్ దగ్గర ఈ ఓపిక ఇంకా అవసరం. ఎనిమిది జట్లు సెమీస్‌కు వెళ్లాలి, ఎనిమిదో స్థానానికి రెండు జట్లు 9 పాయింట్లతో సమానం అనుకుందాం. సాధారణంగా స్పీకర్ మార్కుల మొత్తమే తేలుస్తుంది. ఇద్దరు స్పీకర్లు, ఐదు రౌండ్లు, సగటు 75 చొప్పున 750 దగ్గర ఉంటారు. ఒకరిది 752, మరొకరిది 750. అంటే పైన చెప్పిన 78, 79 లాంటి తప్పులు మూడు పడితే చాలు, సెమీస్‌కు వెళ్లాల్సిన జట్టు ఇంటికి పోతుంది. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న జట్ల బ్యాలట్లు అన్ని రౌండ్లవీ బయటికి తీసి, మార్కు మార్కూ మళ్లీ కలిపి చూశాకే జాబితా చీఫ్ అడ్జుడికేటర్ చేతికిస్తాను.

పూర్తి ట్యాబ్ విడుదల ఫైనల్ అయ్యాకే. పేరు కనపడొద్దని కోరిన స్పీకర్లను అంతకుముందే అనామకంగా గుర్తుపెట్టాలి. విడుదలైన గంటలోనే ‘నా మార్కు నా జోడీకి పడింది’ అని ఎవరో ఒకరు అడుగుతారు. కాబట్టి ఫిర్యాదుల గడువు దాటేవరకు కాగితం బ్యాలట్లు రౌండ్ల వారీగా కట్టలు కట్టి దగ్గరే ఉంచండి.