ఫోర్త్ పదాలకు టెర్మినల్‌లో ఒక నిఘంటువు

ఒక మైక్రోకంట్రోలర్ బోర్డుకు తగిలించిన చిన్న తెర మీద అక్షరాలు చూపించే కోడును ఫోర్త్ భాషలో రాస్తూ, బోర్డుకు ఎక్కించే ముందు దాన్ని ల్యాప్‌టాప్‌లో నడిచే జీఫోర్త్ అనే ఫోర్త్ వ్యవస్థ మీద పరీక్షిస్తున్నాను. తెర బఫర్‌లోని 256 బైట్లనూ ఖాళీ అక్షరంతో, అంటే ఆస్కీ 32తో, నింపవలసి వచ్చింది. సీ భాషలో ఏళ్ల తరబడి, మెమరీని ఒకే విలువతో నింపే మెమ్‌సెట్ రాసిన చేతి అలవాటుతో బఫర్, 32, 256 అనే వరుసలో మూడింటినీ స్టాక్ మీద, అంటే ఒకదానిపై ఒకటి పేర్చే విలువల దొంతర మీద, పెట్టి, నింపే పని చేసే ‘ఫిల్’ను పిలిచాను. ఫోర్త్‌లో ఫిల్ కోరే వరుస వేరు: మొదట చిరునామా, తరువాత ఎన్ని బైట్లో, చివరకు ఏ అక్షరమో. ఆ లెక్కన నేనిచ్చిన ఆదేశానికి ‘32 బైట్లను 256తో నింపు’ అని అర్థం. 256 ఒక్క బైటులో పట్టదు కనుక దాని కింది ఎనిమిది బిట్లు, అనగా సున్నా, ఆ 32 బైట్లలోకి వెళ్లి కూర్చుంది. దోష సందేశమేదీ రాలేదు, రాదు కూడా. స్టాక్ మీదున్నవన్నీ ఫోర్త్ దృష్టిలో ఉత్త అంకెలే. తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది.

ఫోర్త్‌లో ప్రమేయాలను ‘పదాలు’ అంటారు; అవి దాచుకునే చోటును ‘నిఘంటువు’ అంటారు. ఈ నిఘంటువులో ఏ పదం ఏం చేస్తుందో నేను మరచిపోవడం అరుదు. మరచిపోయేదల్లా అది స్టాక్ మీద ఏయే వస్తువులను ఏ వరుసలో కోరుతుందో, ఏవి మిగిల్చి పోతుందో అన్నదే. జీఫోర్త్‌లోని ‘సీ’ (SEE, చూడు) అనే పదం నిర్వచనాన్ని విప్పి చూపుతుంది కాని, పదం లోపల ఏముందో చెప్పినంత మాత్రాన దాన్ని ఎలా వాడాలో తెలియదు. మాన్యువల్ తెరిచి వెతకవచ్చు. అయితే రెండు సెకన్ల సందేహానికి రెండు నిమిషాల వెతుకులాట అవసరమైనప్పుడు మనిషి ఊహించి రాసేస్తాడు, నేనూ అదే చేశాను. అందుకే టెర్మినల్‌లో ‘పదం ఫిల్’ అని కొడితే వెంటనే స్టాక్ చిత్రాన్ని, అంటే ఆ పదం స్టాక్ నుంచి తీసుకునేవీ అక్కడ మిగిల్చేవీ వరుసగా రాసిన పట్టీని, చూపే చిన్న పనిముట్టు ఒకటి రాసుకున్నాను.

సమాచారం ఎక్కడి నుంచి తేవాలన్నది పెద్ద సమస్య కాలేదు. 1994 నాటి ఆన్సీ ప్రమాణం, దాని తరువాతి ఫోర్త్ 2012 ప్రమాణం ప్రతి పదానికీ ఒక సంఖ్యను ఇచ్చాయి. ఉదాహరణకు డప్ సంఖ్య 6.1.1290. ఇందులో చివరి నాలుగు అంకెలు పదానికే చెందిన గుర్తు, అవి ఆస్కీ అక్షర క్రమంలో పెరుగుతూ పోతాయి. ముందున్నవి ఆ పదం ఏ వర్గానిదో చెబుతాయి. కనుకనే ‘ఎస్"’ అనే పదం మూల వర్గంలో 6.1.2165గాను, ఫైళ్ల వర్గంలో 11.6.1.2165గాను రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకే పదానికి రెండు వివరణలున్నాయని ఈ చివరి నాలుగు అంకెలే నా స్క్రిప్టుకు పట్టిచ్చాయి. జీఫోర్త్ మూల కోడులోనూ ప్రతి ప్రాథమిక పదం పక్కన దాని స్టాక్ చిత్రం, వర్గం, ఉచ్చారణ ఒకే వరుసలో ఉంటాయి. ఒక పైథాన్ స్క్రిప్టు వీటిని చదివి, పదానికొక వరుస చొప్పున మామూలు టెక్స్ట్ ఫైలుగా రాస్తుంది. అక్కడి వివరణలు మాన్యువళ్లు రాయడానికి వాడే టెక్స్‌ఇన్ఫో పద్ధతిలో ఉండటం వల్ల ఒకే ఒక చిక్కు వచ్చింది. టెక్స్‌ఇన్ఫోలో ప్రతి ఆదేశమూ @ గుర్తుతో మొదలవుతుంది. ఫోర్త్‌లో @ అంటే మెమరీ నుంచి విలువను తెచ్చే పదం. ఆదేశాలను వెతికి తుడిచేయమని నేను రాసిన మొదటి నమూనా, ఫోర్త్ భాషలో అతి ముఖ్యమైన పదాన్ని కూడా తుడిచిపారేసింది.

అసలు చిక్కు షెల్‌తో, అంటే టెర్మినల్‌లో మనం కొట్టిన ఆదేశాలను చదివి నడిపే ప్రోగ్రాముతో, వచ్చింది; నాది బాష్ అనే షెల్. ఫోర్త్ చదివే పద్ధతి ఎంత సరళమంటే, రెండు ఖాళీల మధ్య ఏమున్నా అది ఒక పదమే; అందులో ఏ గుర్తుకూ ప్రత్యేక హోదా లేదు. బాష్ దీనికి పూర్తిగా ఎదురు, అక్కడ సగం గుర్తులకు ఏదో ఒక అధికారం ఉంది. గుణకారం గురించి తెలుసుకుందామని ‘పదం *’ అని కొడితే బాష్ ఆ నక్షత్రాన్ని ఫోల్డరులోని ఫైళ్ల పేర్లుగా విస్తరించింది. నా పనిముట్టు ఒక్కొక్క ఫైలు పేరూ చదివి ‘ఇలాంటి పదం లేదు’ అని ఓపికగా జవాబిచ్చింది. గుణించి భాగించే ‘*/’ అనే పదాన్ని అడిగితే ఫోల్డర్ల పేర్లు మాత్రమే వచ్చాయి. ‘#’ అడిగితే బాష్ దాన్ని వ్యాఖ్యగా భావించి నా పనిముట్టుకు ఏమీ అందించలేదు. ‘'’ అడిగితే కొటేషన్ ముగియలేదని తరువాతి వరుస కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ‘(’ సంగతి చెప్పనవసరం లేదు.

వీటన్నిటినీ మించినది ‘2>ఆర్’. స్టాక్ పైనున్న రెండు విలువలను రిటర్న్ స్టాక్ అనే రెండో దొంతరకు తరలించే పదం ఇది. దాన్ని అడిగితే తెర మీద ఏమీ కనిపించలేదు. మళ్లీ అడిగాను, మళ్లీ నిశ్శబ్దమే. బాష్ వ్యాకరణంలో ‘2>’ అంటే దోష సందేశాలను ఫలానా ఫైలులోకి మళ్లించు అని అర్థం. కనుక నా పనిముట్టుకు ఏ పదమూ అందలేదు; పదమేదీ ఇవ్వలేదని అది రాసిన ఫిర్యాదు కూడా నాకు చేరకుండా ‘ఆర్’ అనే ఫైలులోకి పోయింది. అడిగిన ప్రశ్నే జవాబును దాచిపెట్టిన సందర్భం నాకు ఇదొక్కటే ఎదురైంది. ఆ ఫైలు ఆ ఫోల్డరులో కొన్ని రోజులు అలాగే ఉండిపోయింది.

అన్నిటినీ కొటేషన్లలో పెట్టి అడగవచ్చు. కాని రెండు సెకన్ల సందేహం అన్న నియమం అక్కడ భంగపడుతుంది. పైగా ‘'’ అనే పదాన్నే కొటేషన్‌లో పెట్టడం ఎలాగో ఆలోచించవలసి వస్తుంది. పరిష్కారం ప్రమాణ గ్రంథంలోనే దొరికింది. ఇలాంటి గుర్తులతో కూడిన పదాలను నోటితో ఎలా పలకాలో అందులో రాసి ఉంది: ‘!’ను స్టోర్ అని, ‘@’ను ఫెచ్ అని, ‘'’ను టిక్ అని, ‘*/’ను స్టార్-స్లాష్ అని, ‘2>ఆర్’ను టూ-టూ-ఆర్ అని. ఇన్నేళ్లూ నేను ఆ వరుసలను అలంకారంగా భావించి దాటిపోయాను. ఉచ్చారణను కూడా వెతికే పేరుగా చేర్చడంతో ‘పదం టిక్’ అన్నది ఏ షెల్‌లోనైనా నిక్షేపంగా పనిచేస్తోంది. గుర్తుతోనే అడగాలనిపించినప్పుడు, వట్టి ‘పదం’ అని కొడితే అది తానే ఒక వరుసను చదువుకుంటుంది. అక్కడ షెల్ జోక్యం ఉండదు కనుక ఫోర్త్ నియమమే చెల్లుతుంది. మైనస్‌తో మొదలయ్యే ‘-ట్రెయిలింగ్’ వంటి పదాలను పైథాన్ గ్రంథాలయం ఐచ్ఛికాలుగా (ఆదేశం తీరును మార్చే సూచనలుగా) భావించి తిరస్కరించేది. దాన్ని తీసేసి, ఇచ్చిన మాటను ఇచ్చినట్లే తీసుకున్నాను. నాకు ఐచ్ఛికాల అవసరం మొదటి నుంచీ లేదు. (పేర్ల మీద ఇంత స్వేచ్ఛనిచ్చిన ఈ భాష తన పేరు దగ్గర మాత్రం రాజీ పడింది: దీన్ని సృష్టించిన చార్లెస్ మూర్ దీనికి ‘నాలుగవది’ అనే అర్థంలో ఆరక్షరాల ఇంగ్లీషు మాటను పెట్టాలనుకున్నా, ఐబీఎం 1130 యంత్రం అయిదక్షరాలకు మించి ఒప్పుకోనందువల్ల ఒక అక్షరం రాలిపోయింది.)

తరువాత చేర్చినది తలకిందుల వెతుకులాట, అంటే స్టాక్ చిత్రాన్ని ఇచ్చి పదాన్ని కనుక్కోవడం. ‘--’కు ఎడమన పదం తీసుకునేవి, కుడిన అది మిగిల్చేవి ఉంటాయి; ‘క గ -- గ క గ’ అని ఇస్తే ‘టక్’ అని చెప్పాలి. పేర్లు ఏవైనా మొదట కనిపించిన వరుసలో వాటికి 1, 2, 3 అని సంఖ్యలు వేస్తే రెండు చిత్రాలను సులువుగా పోల్చవచ్చు. స్టాక్‌ను అటూ ఇటూ కదిపే పదాల విషయంలో ఇది చక్కగా పనిచేసింది. ‘క గ -- చ’ అని అడిగినప్పుడు మాత్రం కూడిక, తీసివేత, గుణకారం, మాక్స్, మిన్, తార్కిక పదాలు అన్నీ కట్టగట్టుకుని తెర నిండా వచ్చాయి. చిరునామా, లెక్క, అవును-కాదు విలువ అనే ప్రామాణిక రకాలను కూడా పోల్చిన తరువాత ఆ జాబితా చదవదగినంత చిన్నదయింది. ‘?డప్’ వంటి పదాలకు ఫలితం ఒక్కొక్కప్పుడు ఒక్కోలా ఉంటుంది కనుక వాటిని రెండు చిత్రాలుగా విడగొట్టి రాశాను.

ఇంత చేసినా ఫిల్ వరుస నా తలకెక్కలేదు. మరుసటి వారం మళ్లీ అదే పదాన్ని అడిగాను. అప్పుడు ఆ చిత్రం కింద నాకోసం ఒక తెలుగు వరుస రాసుకున్నాను: ‘బఫర్‌లో 256 బైట్లను 32తో నింపు’. రాసిన తరువాత గమనించాను, ఆ వాక్యంలోని వరుసే ఫిల్ కోరే వరుస, క్రియ చివరన ఉండటంతో సహా. ‘!’ కూడా అంతే: ‘7ను ఈ చిరునామాలో ఉంచు’. సీలో పాయింటర్‌కు విలువ ఇచ్చేటప్పుడు చిరునామా ముందు వస్తుంది, ఇక్కడ విలువ ముందు వస్తుంది. ‘మూవ్’ తీసుకుంటే ‘ఇక్కడి నుంచి అక్కడికి ఇన్ని బైట్లు జరుపు’. సీ భాషలోని మెమ్‌కాపీ మాత్రం గమ్యాన్ని ముందు అడుగుతుంది. ‘ఇఫ్’ అనే పదం షరతు తరువాత రావడం ఇంగ్లీషు చదివేవారికి వింతగా తోస్తుందట. ‘వాన వస్తే’లోని ‘తే’ ఎప్పుడూ షరతు తరువాతే వస్తుంది కనుక మనకు అందులో వింత లేదు.

అన్ని పదాలూ ఇలా లొంగవు. తమ తరువాత వచ్చే పేరును తామే చదువుకునే పదాలు కొన్నున్నాయి. ‘7 టూ ఎక్స్’ అన్నప్పుడు విలువ ముందు, క్రియ మధ్యన, పేరు చివర ఉంటాయి. కొత్త పదాన్ని నిర్వచించే ‘:’, అలాగే ‘'’, ‘వేరియబుల్’ కూడా ఈ కోవలోవే. ‘7ను పెట్టు, ఎక్స్‌లో’ అని రాస్తే వరుస కుదురుతుంది, కోపంలో ఉన్నవాళ్లు అలా మాట్లాడతారు కూడా. ‘టూ’ కింద ప్రస్తుతానికి ఆ వాక్యమే ఉంచాను. ‘:’ కింది గడి ఇంకా ఖాళీగానే ఉంది.